మంత్రి గారూ, విమానం ఎక్కే ముందు ఒక విస్తరి వేయించండి

కేంద్ర పౌర విమానయాన శాఖ మంత్రి కింజరాపు రామ్మోహన్ నాయుడు గారికి,

చిత్తూరు నుంచి ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు నమస్కరించి రాసుకుంటున్న విన్నపం.

గత నెల మా అమ్మాయి దగ్గరి నుంచి తిరిగి వస్తూ ఒక మహానగర విమానాశ్రయంలో మధ్యాహ్నం భోజనానికి వెళ్లాం. గుండెల ఎత్తు బల్లలున్నాయి, కుర్చీలు లేవు. మా ఆవిడకు మోకాళ్ల నొప్పులు. సంచి కాళ్ల మధ్య పెట్టుకుని, కొంగు నడుముకు దోపుకుని, ప్లాస్టిక్ ఫోర్కుతో సాంబారన్నం ఎత్తబోయింది. అన్నం సగం, సాంబారు మొత్తం మళ్లీ పెట్టెలోకే జారాయి. చేత్తో తిందామంటే కుళాయి మరుగుదొడ్ల వైపు ఎక్కడో ఉంది. నాలుగు మెతుకులు కొరికి మూత పెట్టేసింది. రెండు పెట్టెలకు ఎనిమిది వందల ఇరవై రూపాయలు. డబ్బు మాట పక్కన పెడదాం అనుకున్నాను గానీ, ఇంటికి చేరేదాకా ఆ లెక్కే నోట్లో నానింది.

మీ హయాంలోనే 2024 డిసెంబరులో కోల్‌కతా విమానాశ్రయంలో చవక ధరల ఉడాన్ యాత్రీ కేఫ్ వచ్చింది. పది రూపాయలకు టీ, ఇరవైకి సమోసా. మంచి పని. కానీ సమోసాతో పూట గడవదు కదా.

సమయం చాలదంటారేమో. రెండు గంటల ముందే రమ్మంటున్నది మీవాళ్లే. తిరుమలలో తరిగొండ వెంగమాంబ అన్నప్రసాద భవనం చూడండి. 1985లో రోజుకు రెండు వేల మందితో మొదలైన అన్నదానం అది. ఆకు వేసి, చక్కెర పొంగలితో మొదలుపెట్టి, అన్నం, సాంబారు, రసం, మజ్జిగ బకెట్లతో వరసగా వడ్డిస్తారు. 2025 నుంచి వడ కూడా వేస్తున్నారు. అరగంటలోపే పంక్తి లేస్తుంది. కొండ మీద అలా కూర్చుని తిన్నవాళ్లే దిగి రేణిగుంటకు వచ్చి విమానం ఎక్కుతారు.

అందుకే రేణిగుంటలోనే మొదలుపెట్టండి. దుకాణాలకు టెండరు పిలిచేటప్పుడు షరతుల్లో ఒక్క వాక్యం చేర్పించండి: వీపు ఆనించుకునే కుర్చీ, పక్కనే చేతులు కడుక్కునే కుళాయి, అరిటాకులో వడ్డించే భోజనం, ధర బయట తెలుగులో. వంటకు మనుషులు లేరనుకోకండి. విమానాశ్రయాల్లో మహిళా సంఘాలకు చోటిచ్చే ‘అవసర్’ పథకం 2022 నుంచి ఉండనే ఉంది. బొమ్మలూ బుట్టలూ అమ్ముకునే ఆ చోటును అన్నానికీ ఇవ్వండి. మా జిల్లా ఆడవాళ్లు కెలికిన రాగి సంగటి, దంచిన చెనిక్కాయల పచ్చడి ఊరుబిండి ఢిల్లీ వాళ్లకూ ఒకసారి తగలనివ్వండి.

ఇంకొక్కటి. ఆ భోజనశాల తనిఖీకి ఇవతలే ఉండాలి. టికెట్ లేనివాళ్లను లోపలికి రానివ్వరు. సాగనంపేవాళ్లూ వెళ్లేవాళ్లూ కలిసి తినేది ఆ చివరి పూటే. మా అమ్మాయి సంక్రాంతికి వచ్చి వెళ్లేటప్పుడు, ఆగి ఉన్న కారులో వెనక సీటు మీద క్యారియరు విప్పి, వాళ్లమ్మ ముద్దలు కలిపి పెట్టింది. పప్పు సీటు మీద ఒలికింది. ఆ మరక ఇంకా పోలేదు.

వచ్చే సంక్రాంతికీ అమ్మాయి వస్తానంది. అప్పటికి మీ కుర్చీలు రాకపోతే మా క్యారియరు ఎలాగూ ఉంది, సీటు మీద పరవడానికి పాత దుప్పటి కూడా తీసి పెట్టాను.

ఇట్లు,
మీ విధేయుడు,
చిత్తూరు