వేడినీటి గుండాల్లో పుణ్యం సరే, పరీక్షలేవి?

సంపాదకులు గారికి,

అయ్యా, రెండు వారాల కిందట మీ ఆదివారం అనుబంధంలో వేడినీటి గుండాల మీద రంగురంగుల కథనం వేశారు. బద్రీనాథ్ తప్తకుండం, బిహార్‌లోని రాజ్‌గిర్ బ్రహ్మకుండం, ఒడిశా తప్తపాణి, చివరికి భద్రాచలం పక్కనున్న గుండాల అనే ఊరి దాకా అన్నీ చుట్టేశారు. ఏ రైలెక్కాలో, ఎక్కడ దిగాలో, టిఫిన్ ఎక్కడ బాగుంటుందో కూడా రాశారు. చర్మరోగాలు, కీళ్లనొప్పులు పోతాయని ఒకటికి నాలుగుసార్లు చెప్పారు. ఆ నీళ్లను ఎవరైనా ఎప్పుడైనా పరీక్ష చేశారా అన్న ముక్క మాత్రం ఎక్కడా లేదు. పైగా ఫొటోలో ఎవరో చంటిపిల్లాణ్ని తలతో సహా ముంచుతున్నారు. అది చూశాక ఊరుకోలేకపోయాను.

నేను నీటి పరీక్షల ల్యాబులో పనిచేసి రిటైరైనవాణ్ని. వేడినీళ్లలో క్రిములు బతకవనీ, అందులో గంధకం ఉంటే ఇక చెప్పనక్కర్లేదనీ చదువుకున్నవాళ్లు కూడా నాతో వాదిస్తారు. క్రిములు చావాలంటే నీళ్లు బాగా కాగాలండీ. బ్రహ్మకుండం నీళ్లు 45 డిగ్రీల దగ్గర ఉంటాయి. ఒళ్లు చురుక్కుమంటుందే తప్ప అది క్రిముల్ని చంపే వేడి కాదు. ఇంట్లో పెరుగు తోడేసేది మరిగే పాలలోనా, వేలు పెడితే ఓర్చుకోగలిగే గోరువెచ్చని పాలలోనా? రోగాలు తెచ్చే వాటిలో చాలావాటికీ అలాంటి వేడే కావాలి. న్యుమోనియా తెచ్చే లెజియోనెల్లా 25 నుంచి 45 డిగ్రీల మధ్య హాయిగా పెరుగుతుంది. మెదడును తినే అమీబా అని మీరే పెద్ద అక్షరాలతో వేసే నెగ్లేరియా ఫౌలేరి 46 డిగ్రీల దాకా తట్టుకుంటుంది. ఇక గంధకం అంటారా, దాన్నే తిని బతికే బ్యాక్టీరియాలు కూడా ఉన్నాయి.

భూమిలోంచి ఊరే చోట ఆ నీళ్లు చాలామటుకు శుభ్రమైనవే. వాటిని పాడు చేసేది మనమే. నూనె రాసుకుని దిగేవాళ్లు, సబ్బుతో దిగేవాళ్లు, పుండ్లు మానాలని పుండ్లతోనే దిగేవాళ్లు, పసిపిల్లల్ని లంగోటీలతో దించేవాళ్లు అందరూ ఒకే గుంటలోకి దిగుతారు. వచ్చే ధార బలంగా ఉండి, పాత నీళ్లు ఎప్పటికప్పుడు పోతుంటే కొంత నయం. ధార సన్నగా ఉండి జనం కిక్కిరిస్తే ఆ నీళ్లు మారేదెప్పుడు? రాజ్‌గిర్‌లో అధికమాసం వస్తే నెల్లాళ్లు మలమాస మేళా. అక్కడ రాతి ధారల కింద నిలబడి స్నానం చేసేవాడికి కొత్త నీళ్లు దొరుకుతాయి. కుండంలో దిగినవాడికి ముందువాళ్లు వాడిన నీళ్లే దిక్కు. గోడలకూ మెట్లకూ పట్టే జిగురులాంటి పాచి సంగతి వేరు. క్రిములు అందులో దాక్కుంటాయి. దాన్ని బ్రష్షుతో గీకి కడగాలి. కడుగుతున్నారా?

క్లోరిన్ కలిపేస్తే సరిపోదా అని ఒక ఇంజినీరు గారే నన్నడిగారు. గంధకం కలిసిన నీళ్లలో క్లోరిన్ వేస్తే ముందు ఆ గంధకమే దాన్ని మింగేస్తుంది. మిగిలింది ఆ వేడికి తొందరగా ఎగిరిపోతుంది. అందుకే ఇక్కడ పౌడరు చల్లి చేతులు దులుపుకుంటే కుదరదు. నీళ్లు మారే వేగం చూడాలి, జనం లెక్క చూడాలి, రోజూ కొలవాలి.

ఇదంతా ముసలాడి చాదస్తం అనుకునేవాళ్ల కోసం చెబుతున్నాను. ఇంగ్లండులో బాత్ అనే ఊరే వేడినీటి ఊట మీద పుట్టింది. 1978లో అక్కడ ఈత కొట్టిన ఒక అమ్మాయి ఈ అమీబా వల్ల చనిపోయింది. స్నానాలు ఆపేశారు. కొత్త బోరు వేసుకుని, నీటిని శుద్ధి చేసే ఏర్పాట్లతో మళ్లీ జనాన్ని దించింది 2006లో. పాత రోమన్ కొలనును ఇప్పటికీ చూడొచ్చు, నీళ్లు ముట్టుకోనివ్వరు. జపాన్‌లో 2002లో హ్యూగా పట్టణంలోని ఒక స్నానశాల వల్ల లెజియోనెల్లా సోకి ఏడుగురు పోయారు. అదే దేశంలో ఫుకువోకా దగ్గర ఒక సత్రంవాళ్లు వారానికోసారి మార్చాల్సిన నీళ్లను ఏడాదికి రెండేసిసార్లే మార్చారని 2023లో బయటపడింది. లెజియోనెల్లా పరిమితికి 3,700 రెట్లు తేలింది. యజమాని అందరి ముందూ తలవంచి క్షమాపణ చెప్పి పదవి వదిలాడు. మన దగ్గర తలవంచడం సంగతి అటుంచి, లెక్క తేలాలంటే ముందు ఎవరైనా కొలవాలి కదా.

కేరళ చూడండి. అక్కడ అమీబా ఎక్కువగా చెరువుల, కుంటల నుంచే సోకింది, వేడి ఊటల నుంచి కాదు. అయినా 2024లో పిల్లలు పోయేసరికి ప్రభుత్వం కదిలింది. ఆస్పత్రులకు ఎలా పరీక్షించాలో చెప్పారు, మందు తెప్పించారు. కోజికోడ్ వైపు ఒక కుర్రాడు బతికి బయటపడ్డాడు కూడా. ఆ జబ్బులో నూటికి 97 మంది పోతారు, బతికించారంటే చిన్న విషయం కాదు. మన యాత్రికుడికైతే గుండంలో మునిగి ఇంటికొచ్చిన వారానికి జ్వరం, దగ్గు మొదలవుతాయి. ప్రయాణ బడలిక అంటారు, చలి పట్టింది అంటారు. లెజియోనెల్లాకు లక్షణాలు కనపడటానికి రెండు వారాల దాకా పట్టొచ్చు. అప్పటికి మనిషి శ్రీకాకుళంలో, గుండం బిహార్‌లో. ఈ రెండింటినీ కలిపి చూసేదెవరు?

ఒక మాట మాత్రం మన పెద్దవాళ్ల గొప్పతనమే. ముక్కు మూసుకుని మునక వేయమనేవారు. ఈ అమీబా నీళ్లు తాగితే ఏమీ చేయదు, ముక్కులోంచి ఎక్కితేనే మెదడుకు పోతుంది. న్యూజిలాండ్‌లో వేడినీటి కొలనుల దగ్గర తల ముంచొద్దని బోర్డులే పెడతారు. మన దగ్గర బోర్డులకు కొదవా? చెప్పుల స్టాండు ధర, పార్కింగు ధర, ప్రారంభించిన మంత్రిగారి పేరు, ఆయన ఫొటో అన్నీ ఉంటాయి.

నది స్నానానికి కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ఒక లెక్క పెట్టింది. 100 మిల్లీలీటర్లలో మల కోలిఫాం, అంటే మలం ద్వారా నీళ్లలో చేరే బ్యాక్టీరియా, 500 లోపు ఉండాలి, ఎంత కాదన్నా 2,500 దాటకూడదు. 2025 కుంభమేళాలో ఆ అంకె దాటిందని అదే మండలి పర్యావరణ కేసులు చూసే జాతీయ హరిత ట్రిబ్యునల్‌కు చెబితే పరీక్ష చేసినవాళ్లనే తిట్టారు తప్ప నీళ్ల సంగతి పట్టించుకున్నవాళ్లు తక్కువ. పైగా ఆ అంకె కూడా అమీబా గురించి, లెజియోనెల్లా గురించి ఏమీ చెప్పదు. వేడి గుండాలకు వాటిని విడిగా వెతకాలి. నేను ఉద్యోగంలో ఉండగా కూడా రిపోర్టు బాగుంటేనే ఫైలు కదిలేది. బాగోలేకపోతే శాంపిల్ మళ్లీ తీయమనేవారు, అదీ వర్షం పడ్డాక.

భద్రాచలం పక్కనున్న గుండాల ఊరి సంగతి మరీ విచిత్రం. రాముడి గుడి తెలంగాణలో, 2014 తర్వాత గుండాల ఊరు ఆంధ్రలో. అక్కడ ఇసుక తవ్వుకుని స్నానం చేసేవాళ్ల ఆరోగ్యం ఏ ప్రభుత్వానిదో అడిగితే రెండు వైపులా ఒకే జవాబు, మాది కాదని. 2027లో గోదావరి పుష్కరాలు. ఘాట్లకు, రోడ్లకు, లైటింగుకు కోట్ల లెక్కలు రోజూ మీ పత్రికలోనే చదువుతున్నాం. నీటి పరీక్షకు ఎంత పెట్టారో ఒక్కరోజైనా వేశారా?

కోరేది పెద్దదేం కాదు. జనాన్ని దించే ప్రతి గుండం దగ్గరా పరీక్ష జరిగిన తేదీ, ఫలితం, తల ముంచవద్దన్న హెచ్చరిక తెలుగు, హిందీ, స్థానిక భాషల్లో రాసి పెట్టాలి. ఫలితం బాగోలేని రోజు మూసేయాలి, ఆ రోజు అమావాస్య అయినా సరే. ఈ విషయమై సంబంధిత కార్యాలయానికి ఇదివరకే ఉత్తరాలు పెట్టాను. ఎవరైనా జవాబిస్తే మీ పత్రికలోనే వేయండి. నాకు విడిగా పంపనక్కర్లేదు, పాతవాటికే ఇంకా రాలేదు.

ఇట్లు,
ఒక విశ్రాంత ల్యాబ్ టెక్నీషియన్,
శ్రీకాకుళం