ఫిల్టర్ కొనేముందు కరెంటు పోతే ఏమవుతుందో అడగండి

సంపాదకులకు,

ఆదివారం మీ పత్రికలో ఇంట్లో ఆక్వేరియం పెట్టుకోవడం గురించి రాశారు. ఏ గదిలో ఏ మూల ఉంచాలి, వెనక ఏ రంగు కాగితం అంటించాలి, లైటు ఎలా ఉండాలి, అన్నీ వివరంగానే ఉన్నాయి. ఫిల్టర్ దగ్గరికి వచ్చేసరికి "మంచిది ఒకటి పెట్టుకోవాలి" అని ఒక్క ముక్కతో సరిపెట్టారు. చేపలు బతకడం, చావడం చాలావరకు ఆ ఒక్క ముక్క మీదే ఆధారపడి ఉంటుంది కాబట్టి ఈ ఉత్తరం.

నీళ్లు తేటగా కనపడితే ఫిల్టర్ పని చేస్తున్నట్టే అని చాలామంది లెక్క. కానీ దాని అసలు పని కంటికి కనపడదు. చేపల విసర్జన నుంచి, తినకుండా మిగిలిన మేత నుంచి అమ్మోనియా పుడుతుంది, అది కొంచెం ఉన్నా చేపలకు విషమే. ఫిల్టర్ లోపలి స్పాంజిని పట్టుకుని పెరిగే బ్యాక్టీరియా దాన్ని ముందు నైట్రైట్‌గా, తర్వాత నైట్రేట్‌గా మారుస్తుంది. నైట్రైట్ కూడా విషమే. నైట్రేట్ అంత ప్రమాదం కాదు, వారానికోసారి పావు వంతు నీళ్లు మారిస్తే అదుపులో ఉంటుంది. కొత్త ట్యాంకులో ఈ బ్యాక్టీరియా నిలదొక్కుకోవడానికి 4 నుంచి 6 వారాలు పడుతుంది.

మరి మన ఊళ్లో జరిగేదేమిటి? ఒకే సాయంత్రం ట్యాంకు, రంగురాళ్లు, ఫిల్టర్, డజను చేపలు కలిపి అమ్మేస్తారు, పిల్లలు వెంట ఉంటారు కాబట్టి మనమూ కాదనం. వారం తిరక్కుండానే నీళ్లు తెల్లగా మసకబారతాయి, ఇంట్లో టెన్షన్ మొదలవుతుంది, మొత్తం నీళ్లు పారబోసి స్పాంజిని కుళాయి కింద పెట్టి పిండి పిండి ఉతుకుతారు. మునిసిపల్ నీళ్లలోని క్లోరిన్ అప్పుడప్పుడే పడుతున్న బ్యాక్టీరియాను కాస్తా చంపేస్తుంది. తర్వాత చేపలు ఒక్కొక్కటే పోతాయి, చివరికి "మాకు చేపలు అచ్చిరావు" అని ట్యాంకు అటక ఎక్కుతుంది. స్పాంజి మురికి పడితే ట్యాంకులోంచే ఒక మగ్గు నీళ్లు తీసి అందులో రెండుసార్లు పిండితే చాలు. కొత్తగా పోసే కుళాయి నీళ్లను ఒక రోజు బకెట్లో నిలవ ఉంచాలి, లేదా యాంటీ క్లోరిన్ చుక్కలు వేసుకోవాలి.

ఇక ఏ ఫిల్టర్ కొనాలి అంటే, నా మాట సూటిగా చెబుతాను. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు ట్యాంకు అంటే సుమారు 55 లీటర్లు, మన ఇళ్లలో ఎక్కువ ఇదే. అందులో గప్పీలు, మోలీలు పెంచేవాళ్లకు ఎయిర్ పంపుతో నడిచే స్పాంజ్ ఫిల్టర్‌ను మించింది లేదు. చూడ్డానికి ఏమంత అందంగా ఉండదు, బుడబుడమని చప్పుడు కూడా చేస్తుంది, అందుకే షాపులో వెనక అరలో పడి ఉంటుంది. కానీ ధర తక్కువ, పిల్ల చేపల్ని లోపలికి లాగేయదు, ఫైటర్ లాంటి నీటి ఉరవడి గిట్టని చేపకూ ఇబ్బంది ఉండదు. గోల్డ్ ఫిష్ అయితే వేరే సంగతి, అవి చేసే మురికి ఎక్కువ, వాటికి ట్యాంకూ పెద్దదే కావాలి, అద్దానికి తగిలించే హ్యాంగ్ ఆన్ గానీ పైన పెట్టే టాప్ ఫిల్టర్ గానీ చూసుకోవాలి. నాలుగడుగుల ట్యాంకులకు బయట పెట్టే, మూత బిగించిన పాత్ర లాంటి కేనిస్టర్. డబ్బా మీద గంటకు ఇన్ని లీటర్లు అని వేసే అంకె లోపల స్పాంజీ, రాళ్లూ లేకుండా కొలిచింది, నిజంగా వచ్చేది అంతకంటే తక్కువ. గంటకు ట్యాంకు నీళ్లు నాలుగైదు సార్లు తిరిగేలా, కాస్త ఎక్కువే చూసి కొనండి.

కొట్లో మొదట అడగాల్సింది మాత్రం కరెంటు సంగతి. విజయవాడ ఎండలు తెలియనివి కావు. 20 డిగ్రీల నీళ్లలో లీటరుకు సుమారు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ ఇముడుతుంది, 30 డిగ్రీలకు వచ్చేసరికి అది ఏడున్నరకు పడిపోతుంది. వేడికి అమ్మోనియా విషమూ పెరుగుతుంది. అదే మధ్యాహ్నం కరెంటు పోతే? కైకలూరు వైపు చేపల రైతునడగండి, చెరువు నీళ్లలో గాలి కలిపే ఏరేటర్ ఆగితే ఎంత కంగారో చెబుతాడు. మూత బిగించిన కేనిస్టర్ గంటల తరబడి ఆగితే లోపలి బ్యాక్టీరియా ఊపిరాడక చచ్చి, కరెంటు రాగానే ఆ కుళ్లు నీళ్లు ట్యాంకులోకి వస్తాయి. హ్యాంగ్ ఆన్‌లు కొన్ని మనం నీళ్లు పోస్తే గానీ మళ్లీ ఎత్తుకోవు. స్పాంజ్ ఫిల్టర్ ట్యాంకు నీళ్లలోనే ఉంటుంది కాబట్టి కొంత తట్టుకుంటుంది, చిన్న ఎయిర్ పంపు నాలుగైదు వాట్లు తింటుంది, ఇన్వర్టర్‌కు కలిపితే బిల్లులో కూడా తెలియదు. పంపును నీటి మట్టం కంటే ఎత్తులో పెట్టండి, లేదంటే ట్యూబుకు నీళ్లు వెనక్కి రాకుండా ఆపే నాన్ రిటర్న్ వాల్వ్ వేయండి. ఈ రెండూ లేకపోతే కరెంటు పోయినప్పుడు నీళ్లు వెనక్కి పారి పంపులోకి, ప్లగ్గులోకి వస్తాయి.

ఫిల్టర్ ఎందుకండీ, సక్కర్ ఫిష్ వేసుకోండి, అదే క్లీన్ చేస్తుంది అనేవాళ్లూ ఉన్నారు. అది పాచి తింటుంది నిజమే, తిన్నదానికి తగ్గట్టు విసర్జిస్తుంది కూడా. అడుగు దాటి పెరిగాక ట్యాంకులో పట్టక తీసుకెళ్లి కాలవలో వదిలేస్తారు. చేపల చెరువుల్లోకి ఈ పీడ చేరి రైతులు తిట్టుకుంటున్నారు, దయచేసి ఆ పని చేయకండి.

మీరు మళ్లీ ఈ విషయం మీద రాసేటప్పుడు షాపులవాళ్లకు ఒక మాట చెప్పండి: ముందు ట్యాంకు, ఫిల్టర్ ఇచ్చి పంపి, రోజూ చిటికెడు మేత వేస్తూ నడిపించమని, చేపలకు నెల దాటాక రమ్మని. పిల్లలు అంతకాలం ఆగరంటే, తెలిసినవాళ్ల ట్యాంకులో బాగా నడుస్తున్న స్పాంజిలో ఒక ముక్క కోసి తెచ్చి కొత్త ఫిల్టర్‌లో పెడితే పాలల్లో తోడు వేసినట్టే, సగం కాలం కలిసొస్తుంది. తెచ్చేముందు ఆ చేపలకు తెల్లమచ్చల జబ్బు లాంటిదేమీ లేదని చూసుకోవాలి, ముక్కను తడి ఆరనివ్వకుండా ఆ ట్యాంకు నీళ్లలోనే తేవాలి.

— ఒక పాఠకుడు, సత్యనారాయణపురం, విజయవాడ