చెక్కుబందీలో దొరికిన మా జేజి

సంపాదకుల వారికి,

మా జేజి వాళ్ల జేజి ధాత కరువులో నెల్లూరు వైపు నుంచి చెన్నపట్నానికి నడిచి వచ్చిందని మా ఇంట్లో చెప్పుకునేవాళ్లు. ధాత నామ సంవత్సరం అంటే 1876-77. కరువు పనుల కింద 1877-78లో కూవం, అడయారు నదులను కలుపుతూ ఊళ్లో సుమారు 8 కిలోమీటర్లు బకింగ్‌హామ్ కాలవ తవ్వారు. ఆమె అక్కడ మట్టి తట్టలు మోసింది. ఇప్పుడా కాలవలో రైలు వంతెన స్తంభాలున్నాయి. మైలాపూరు వెళ్లినప్పుడల్లా కిటికీలోంచి ఆ నల్లటి నీళ్లనే చూస్తుంటాను.

ఆమె పేరేమిటంటే ఎవరూ చెప్పలేకపోయారు. మా పెదనాన్న రాసిపెట్టిన వంశవృక్షంలో ఒక్క ఆడమనిషి పేరూ లేదు. ట్రంకుపెట్టె నిండా ఉన్న కాగితాలను పాత ఇల్లు పడగొట్టినప్పుడు తూకానికి అమ్మేశారు. ఆ రోజు నేను ఊళ్లో లేను. తలుచుకుంటే ఇప్పటికీ కడుపులో దేవినట్టవుతుంది.

చివరికి పక్కింటివాళ్ల దస్తావేజులో కనిపించింది. 1893 నాటిది, తెలుగులోనే ఉంది. చెక్కుబందీలో, అంటే స్థలానికి నాలుగు హద్దులు రాసే చోట, ఉత్తరపు హద్దు దగ్గర ఆమె భర్త పేరు, వెంటనే ‘భార్య గుడిసె’ అని రెండు మాటలు. అంతే. పదిహేనేళ్లు వెతికితే ఆమె నాకొక హద్దుగా దొరికింది.

అప్పుడు తట్టింది. మా జేజి పేరు పెంచలమ్మ. మా అక్కకూ అదే పెట్టారు. మనవరాలికి జేజి పేరు పెట్టడం మావాళ్ల ఆనవాయితీ. అంటే మా జేజి పేరు కూడా వాళ్ల జేజిదే అయివుండాలి! పెంచలకోన నెల్లూరు వైపే కదా, ఇంట్లో చెప్పుకున్న మాటకూ సరిపోయింది. ఆ పేరు మొరటుగా ఉందని మా అక్క బడిలో మార్పించుకుంది. ఈ సంగతి ఫోన్‌లో చెబితే చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్‌లో మద్రాసు ప్రెసిడెన్సీ నాటి రికార్డులున్నాయి. కానీ వెతకాలంటే ముందు పేరూ ఊరూ తెలియాలి. అవి మన ముసలివాళ్ల దగ్గరే ఉన్నాయి. వారానికొకసారి మీ పత్రికలో కాస్త చోటిస్తే పాఠకులు తమ జేజమ్మల పేర్లు, ఊళ్లు, పుట్టింటి ఇంటిపేర్లు రాసి పంపుతారు. పుట్టింటి ఇంటిపేరు తప్పకుండా అడగండి, అది పెళ్లితోనే పోతుంది. పాత తెలుగు దస్తావేజులు చదవడం రాకపోయినా పారేయొద్దని కూడా రాయండి. ఇక్కడి మన పిల్లల్లో చాలామందికి తెలుగు చదవడం రాదు. తండయారుపేట చుట్టుపక్కల ఎవరింట్లోనైనా అలాంటివుంటే నేనే వచ్చి చదివిపెడతాను.

— ఒక పాఠకురాలు, తండయారుపేట, చెన్నై