ప్రోగ్రాం ఎక్కడ ఉంటుంది?

చిరంజీవి చిన్నాకు అమ్మ ఆశీస్సులు.

నీ ఉత్తరం చదివాను. కోడ్ రాసే పని యంత్రాలే చేసే రోజులు వచ్చాయి కదా, ఇంకా ఈ వృత్తిలో ఎందుకు ఉండాలి అని అడిగావు. వచ్చిన రెండు ఉద్యోగాల్లో ఏది తీసుకోవాలి, ఏ పుస్తకాలు చదవాలి అనీ అడిగావు. ఇవి వేరువేరు ప్రశ్నలని నువ్వు అనుకుంటున్నట్టున్నావు. నాకు మాత్రం అన్నీ ఒకే వేరు నుంచి వచ్చినవిగా కనిపిస్తున్నాయి. అందుకే ఉత్తరం పొడవైనా ఓపికగా చదువు.

ముందు నా అభిప్రాయం చెప్పేస్తాను. మన రంగంలో అన్నిటికన్నా ఖరీదైన పని అర్థం చేసుకోవడం. ప్రాసెసర్లు చవకయ్యాయి, మెమరీ చవకైంది, ఇప్పుడు కోడ్ రాయడమూ చవకవుతోంది. ఒక వ్యవస్థ ఎందుకిలా ఉంది, ఇక్కడ కదిపితే ఎక్కడ కూలుతుంది అన్నది మనిషి తలకెక్కడానికి పట్టే సమయం మాత్రం నేను ఉద్యోగంలో చేరిన రోజుల్లో ఎంతో ఇప్పుడూ దాదాపు అంతే. మిగతావన్నీ చవకయ్యేకొద్దీ దీని విలువ ఇంకా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది.

ఈ మాటను నాకన్నా ముందే గట్టిగా చెప్పినవారు డెన్మార్క్ శాస్త్రవేత్త పీటర్ నౌర్. 1985లో ఆయన ఒక చిన్న వ్యాసం రాశారు. ప్రోగ్రామింగ్ అంటే మనసులో ఒక సిద్ధాంతాన్ని కట్టుకోవడమని, కోడ్ అందులోంచి బయటికి కనిపించే భాగం మాత్రమేనని ఆయన వాదన. అందులో ఒక నిజమైన ఉదాహరణ ఉంది. ఒక బృందం తయారుచేసిన కంపైలర్‌ను, అంటే మనం రాసిన కోడ్‌ను యంత్రం భాషలోకి మార్చే ప్రోగ్రాంను, మరో బృందం తీసుకుని కొద్దిగా విస్తరించాలనుకుంది. పూర్తి కోడ్, వివరమైన పత్రాలు, పైగా మొదటి బృందం సలహాలు, అన్నీ వాళ్లకు అందాయి. అయినా వాళ్లు ప్రతిపాదించిన మార్పుల్లో చాలా వాటిలో, ఆ నిర్మాణంలోనే ఉన్న వెసులుబాటును వాడుకోకుండా పైనుంచి అతుకులు వేశారు. మొదటి బృందం వాళ్లు చూడగానే ఆ సంగతి పట్టేసి, ఉన్న నిర్మాణంలోనే ఇమిడిపోయే సులువైన మార్గం చూపించారు. కొన్నేళ్ల తర్వాత, ఆ సలహా అందని వేరేవాళ్ల చేతుల్లో, పాత నిర్మాణం ఆనవాళ్లు మిగిలాయి కానీ దాని బలమంతా అతుకుల కింద పోయింది.

ఒక బృందం చెదిరిపోతే దాని ప్రోగ్రాం చచ్చిపోయినట్టేనని, పత్రాలు చదివి దాన్ని బతికించడం దాదాపు అసాధ్యమని నౌర్ అంటారు. ఈ చివరి మాట కాస్త కఠినమైనదని నా అభిప్రాయం. కోడ్ సరిగా నడుస్తోందో చూసే మంచి టెస్టులు, నిజాయితీగా రాసిన కారణాలు ఉంటే చాలావరకు బతికించవచ్చు. కానీ అలా రాసిపెట్టిన చోట్లు అరుదు. నేను పనిచేసిన ఒక సంస్థలో చెల్లింపుల లెక్కలు సరిచూసే పాత వ్యవస్థ ఒకటి ఉండేది. ఖర్చు తగ్గించాలని, దాన్ని కట్టిన సీనియర్లందరినీ ఒకేసారి పంపించేశారు. కోడ్ మన దగ్గరే ఉంది కదా అన్నారు. ఒకే తనిఖీ మూడు చోట్ల కనిపిస్తే ఏది తీసేయవచ్చో చెప్పే మనిషి ఆ తర్వాత అక్కడ లేడు. చివరికి దాన్ని ముట్టుకునే ధైర్యం లేక పక్కనే మరొకటి కట్టారు. ఆ రెండింటి లెక్కలు కలపడానికి ఇంకొకటి. ఆ నిర్ణయం మీద నాకు ఇప్పటికీ కోపం పోలేదు. మనుషులను పంపిస్తే మిగిలిన డబ్బు అంకెల్లో కనిపించింది, పోయిన అవగాహనకు మాత్రం ఖాతా పుస్తకంలో చోటే లేదు.

ఇలా కారణం పోయి కోడ్ మిగిలితే ఏమవుతుందో ఏరియాన్ 5 చూపించింది. 1996 జూన్ 4న ఆ రాకెట్ తొలి ప్రయాణంలో సుమారు 40 సెకన్లకే దారి తప్పి ముక్కలైంది. 64 బిట్ల ఫ్లోటింగ్ పాయింట్ సంఖ్యను, అంటే దశాంశాలు ఉండే సంఖ్యను, 16 బిట్ల పూర్ణాంకంగా మార్చబోతే ఆ చిన్న చోటులో అది పట్టలేదు. కథ చెప్పేవాళ్లు చాలామంది ఇక్కడితో ఆపేస్తారు. అసలు విషయం దీని వెనక ఉంది. ఆ కోడ్ ఏరియాన్ 4 నుంచి వచ్చింది. ఆ రాకెట్‌లో ఈ విలువ హద్దు దాటదని ఇంజనీర్లు లెక్కవేసి, ప్రాసెసర్ మీద భారం పెంచకూడదని, తెలిసే దానికి రక్షణ పెట్టలేదు. ఏరియాన్ 4 వరకు ఆ లెక్క సరైనదే. ఏరియాన్ 5 ప్రయాణ మార్గం వేరు, నేలకు సమాంతరంగా దాని వేగం చాలా త్వరగా పెరుగుతుంది, ఆ విలువా దానితోపాటే పెరుగుతుంది. కోడ్ కొత్త రాకెట్‌లోకి వచ్చింది, దాని వెనకున్న లెక్క రాలేదు. పైగా ఆ రోజు విఫలమైన భాగానికి కొత్త రాకెట్ నేల విడిచాక చేయాల్సిన పనే లేదు.

ఇంతకన్నా బాధాకరమైనది థెరాక్-25 అనే రేడియేషన్ చికిత్స యంత్రం. 1985 నుంచి 1987 మధ్య కనీసం ఆరుగురు రోగులకు అది ప్రమాదకరమైన మోతాదు ఇచ్చింది, కొందరు చనిపోయారు. అంతకుముందు మోడల్‌లో సాఫ్ట్‌వేర్ తప్పినా కాపాడే హార్డ్‌వేర్ అడ్డుకట్టలు ఉండేవి. కొత్తదానిలో వాటిని తీసేసి భారమంతా సాఫ్ట్‌వేర్ మీద పెట్టారు. పాత మోడల్‌లోనూ అలాంటి లోపమే ఉందని తర్వాత బయటపడింది. అక్కడ ఫ్యూజులు ఎగిరిపోయి మనుషులు బతికారు. ఆ అడ్డుకట్టలు అన్నేళ్లుగా ఏమి ఆపుతున్నాయో తీసేసినవాళ్లకు తెలియదు. నాయనా, నువ్వు ఏదైనా పాత రక్షణను అనవసరమని తీసేయబోయే ముందు ఈ ఆరుగురిని తలచుకో.

ఇక ఆర్థికం. ఐబీఎంలో ఓఎస్/360 అనే ఆపరేటింగ్ సిస్టం నిర్మాణాన్ని నడిపించిన ఫ్రెడరిక్ బ్రూక్స్ 1975లో 'ది మిథికల్ మ్యాన్-మంత్' అనే పుస్తకంలో ఒక మాట అన్నారు: ఆలస్యమైన సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టుకు మనుషులను చేరిస్తే అది మరింత ఆలస్యమవుతుంది. ఐదుగురు ఉంటే ఇద్దరిద్దరి మధ్య మాటలకు 10 దారులు. పదిమంది అయితే 45. యాభైమంది అయితే 1225. కొత్తగా వచ్చినవాళ్లకు విషయం తెలియజెప్పాల్సింది ఇప్పటికే తలమునకలుగా ఉన్నవాళ్లే. అవగాహనను ఒక తలనుంచి ఇంకో తలకు పంపడం ఎంత ఖరీదో ఈ అంకెలే చెబుతాయి.

1966లో విలియం బౌమోల్, విలియం బోవెన్ అనే ఆర్థికవేత్తలు సంగీత, నాటక కళల ఖర్చు మీద ఒక పుస్తకం రాశారు. నలుగురు వాద్యకారులు ఒక బీథోవెన్ కృతిని వాయించడానికి ఆయన కాలంలో ఎంతసేపు పట్టేదో ఇప్పుడూ అంతే పడుతుంది. మిగతా పనుల్లో ఉత్పాదకత పెరిగి జీతాలు పెరుగుతుంటే, వాద్యకారుల జీతమూ పెరగక తప్పదు, లేకపోతే ఆ పనికి మనుషులు రారు. కాబట్టి ఏ పనిలో వేగం పెరగదో ఆ పని మిగతావాటితో పోలిస్తే ఖరీదవుతూ పోతుంది. ఒక వ్యవస్థను అర్థం చేసుకునే పని కూడా ఈ కోవలోదేనని నేను చాలాకాలంగా నమ్ముతున్నాను. కొత్త సాధనాలు దాన్ని కొంత తేలిక చేస్తాయి, నిజమే. కోడ్ పుట్టే వేగాన్ని పెంచినంతగా మాత్రం పెంచలేవు.

నీకు పని మిగులుతుందా అన్న ప్రశ్నకు విలియం స్టాన్లీ జెవన్స్ అనే ఆర్థికవేత్త దగ్గర సగం జవాబు దొరుకుతుంది. ఆవిరి యంత్రాలు మెరుగై తక్కువ బొగ్గుతో నడిస్తే దేశంలో బొగ్గు వాడకం తగ్గుతుందనుకోవడం పొరపాటని, అది పెరుగుతుందని ఆయన 1865లో రాశారు. చవకైన శక్తికి కొత్త కొత్త ఉపయోగాలు పుట్టుకొస్తాయి. కోడ్ విషయంలోనూ ఇదే జరుగుతుందని నా అంచనా. రాయడం చవకైతే ఎక్కువ రాస్తారు, రాసినదంతా ఎవరో ఒకరు మోయాలి.

ఇది సగం జవాబేనని ఎందుకన్నానంటే, మొత్తం సమాజానికి మంచి జరిగినా ఒక్కో మనిషికి జరగాలని లేదు. ఇంగ్లండ్‌లో మరమగ్గాలు వచ్చినప్పుడు బట్ట చవకైంది, వాడకం పెరిగింది, కానీ చేనేత కార్మికుల కూలి కుప్పకూలింది. వాళ్లు చేసిన తప్పేమీ లేదు. ఇచ్చిన వివరణను కోడ్‌గా మార్చడం ఒక్కటే తెలిసినవాళ్లకు ముందు గడ్డురోజులే అని నేను అనుకుంటున్నాను. నిన్ను ఓదార్చడానికి దీన్ని దాచను.

సంస్థల సంగతి వేరు. 1987లో ఆర్థికవేత్త రాబర్ట్ సోలో, కంప్యూటర్ యుగం అన్నిచోట్లా కనిపిస్తోంది, ఉత్పాదకత గణాంకాల్లో తప్ప అన్నారు. దానికి పాల్ డేవిడ్ అనే ఆర్థిక చరిత్రకారుడు 1990లో ఇచ్చిన వివరణ నాకు చాలా ఇష్టం. ఎడిసన్ న్యూయార్క్ విద్యుత్ కేంద్రం 1882లో మొదలైంది. అమెరికా కర్మాగారాలకు దాని ఫలితం పూర్తిగా దక్కింది 1920లలో. మధ్యలో ఏం చేశారు? మొదట ఆవిరి యంత్రాన్ని తీసి అక్కడే ఒక పెద్ద మోటారు పెట్టారు. ఆ ఒక్క యంత్రం శక్తిని మిగతా యంత్రాలకు చేరవేసే పొడవాటి ఇరుసులు, బెల్టులు, అంతస్తుల భవనం అలాగే ఉంచారు. ప్రతి యంత్రానికీ సొంత మోటారు పెట్టుకుని, పని సాగే క్రమంలో యంత్రాలను అమర్చుకుని, భవనాన్నే మార్చి కట్టుకున్నాకే లాభం కనిపించింది. ఈ రోజు చాలా సంస్థలు పాత ఇరుసులకే కొత్త మోటారు తగిలిస్తున్నాయి. గంటకు ఎన్ని వరుసల కోడ్ వచ్చిందో లెక్కపెట్టుకుంటున్నాయి. కోడ్ వరుసలను ఉత్పత్తి కింద కాకుండా ఖర్చు కింద లెక్కించాలని కంప్యూటర్ శాస్త్రవేత్త డైక్‌స్ట్రా ఏనాడో చెప్పారు.

కోడ్ రాసే సాధనాలను నేనూ వాడుతున్నాను, నువ్వూ వాడు. ఒక నియమం మాత్రం పెట్టుకో. అది ఇచ్చిన కోడ్‌ను నడిపే ముందు, ఏం జరుగుతుందో ఒక కాగితం మీద రాయి. ఈ వరుస తీసేస్తే ఏమవుతుంది, ఈ విలువ వందరెట్లు పెరిగితే ఎక్కడ ఆగుతుంది అని నీ ఊహ రాసి, అప్పుడు నడిపి చూడు. ఊహ తప్పినచోట నీకు ఇంకా తెలియనిది ఉంది, అక్కడే కూర్చో. పరిమాణాలు కూడా కంఠస్థం కావాలి. వెలుగు ఒక నానోసెకనులో, అంటే సెకనులో వంద కోట్లో వంతులో, సుమారు 30 సెంటీమీటర్లు వెళుతుంది. తొలితరం ప్రోగ్రామర్ గ్రేస్ హాపర్ ఆ పొడవు తీగముక్కలను అందరికీ పంచి చూపించేవారు. ప్రధాన మెమరీ నుంచి ఒక విలువ తేవడానికి సుమారు 100 నానోసెకన్లు, తిరిగే డిస్కు మీద వెతికి తేవడానికి కొన్ని మిల్లీసెకన్లు. ఈ నిష్పత్తులు మనసులో ఉంటే అసాధ్యమైన వాగ్దానాన్ని వినగానే గుర్తుపడతావు.

సాధనాల ఎంపికలో నేను పాతకాలపు మనిషిని, అందుకు కారణం ఉంది. యూనిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టం 1969లో పుట్టింది. సమాచారాన్ని పట్టికలుగా దాచుకునే రిలేషనల్ డేటాబేస్ ఆలోచనను ఎడ్గర్ కాడ్ 1970లో ప్రచురించారు. ఇవి ఎక్కడ విరుగుతాయో లోకానికి తెలుసు. కొత్తదానిలో ఆ జ్ఞానం ఇంకా పోగుపడలేదు, దాన్ని నీ బృందమే రాత్రుళ్లు మేలుకుని సంపాదించుకోవాలి.

పుస్తకాల గురించి. బ్రూక్స్ పుస్తకంతో మొదలుపెట్టు. యంత్రాల వివరాలు పాతబడ్డాయి, మనుషుల గురించి చెప్పినది పాతబడలేదు. డొనాల్డ్ కనూత్ రాసిన ఆల్గారిథమ్‌ల సంపుటాలను వరుసగా చదవాలని పంతం పట్టకు. అవసరమైన అధ్యాయం తీసి, అభ్యాసాలు చేతితో చెయ్యి. మొదటి సంపుటం 1968లో వచ్చింది. తప్పు చూపించినవాళ్లకు ఆయన 2.56 డాలర్ల బహుమతి పెట్టారు. తన పుస్తకాన్ని అంత శ్రద్ధగా దిద్దుకున్న రచయితను చదవడమే ఒక శిక్షణ.

నువ్వు ఈ ఏడాది తప్పకుండా చదవాల్సింది మాత్రం కంప్యూటర్ శాస్త్రవేత్త జోసెఫ్ వైజెన్‌బామ్ 1976లో రాసిన 'కంప్యూటర్ పవర్ అండ్ హ్యూమన్ రీజన్' అనే పుస్తకం. ఆయన 1966లో ఎలైజా అనే చిన్న సంభాషణ ప్రోగ్రాం గురించి ప్రచురించారు. మనం టైపు చేసిన మాటలనే తిప్పి ప్రశ్నగా వేసేది, అంతకుమించి దానికి ఏమీ తెలియదు. అది తయారవుతున్నప్పుడు దగ్గరుండి చూసిన ఆయన కార్యదర్శే, దానితో మాట్లాడుతూ కాసేపు బయటికి వెళ్లమని ఆయన్ను కోరారట. యంత్రం మాటల్లో అవగాహన ఉందని ఎంత తొందరగా నమ్మేస్తామో ఆయన అప్పుడే చూసి కలవరపడ్డారు. ఈనాటి యంత్రాలు ఎలైజాకన్నా ఎన్నో రెట్లు సమర్థమైనవి. అందుకే ఆ కలవరం ఇప్పుడు ఇంకా అవసరం.

మన రంగానికి బయటి పుస్తకాలూ చదువు. నవలలు చదవడం మానేశానని రాశావు, అది నాకు నచ్చలేదు. వందల పేజీల పాటు ఇంకొకరి మనసులో ఉండగలగడం, ఎవరో వదిలివెళ్లిన కోడ్ ముందు కూర్చున్నప్పుడు ఎంత పనికొస్తుందో నాకు తెలుసు.

ఇక ఉద్యోగం. జీతం ఎక్కువ ఇస్తామన్న చోట అంతా కొత్తగా రాస్తారని, రెండో చోట పాత వ్యవస్థ, దాన్ని కట్టినవాళ్లు ఇంకా అక్కడే ఉన్నారని రాశావు. నా ఓటు రెండోదానికి. వాళ్లు ఉండగానే వెళ్లి అడుగు, రాసుకో. నీ నిర్ణయాల ఫలితాలు నీకే కనిపించేంతకాలం అక్కడ ఉండు. అయితే చేరేముందు వాళ్లను ఒక ప్రశ్న అడుగు: ఈ వ్యవస్థలో మీరు ముట్టుకోవడానికి భయపడే భాగం ఏది, ఎందుకు? సూటిగా చెబితే చేరు. అలాంటిదేమీ లేదంటే నాకు ఫోను చెయ్యి, మళ్లీ ఆలోచిద్దాం. నౌర్ వ్యాసం దీనితోపాటు పంపుతున్నాను. ఆయనతోనో నాతోనో నువ్వు ఒప్పుకోని చోట్లు ఏమిటో వచ్చే ఉత్తరంలో రాయి.

ప్రేమతో,
అమ్మ