ముఖం లేని ఫోటో

విజయవాడ,
సత్యనారాయణపురం

ప్రియమైన రాంబాబుకు,

నీ ఉత్తరానికి జవాబు రాయడం చాలా ఆలస్యమైంది. అక్క ఎలా ఉందని అడిగావు. పత్రికాఫీసులో పనిచేసేవాడివి కనుక ఆ సంగతి నీకు వివరంగానే చెప్పాలనిపించింది.

పోయిన నెల ఒక రాత్రి మేము భోజనం చేస్తుండగా టీవీలో ఊబకాయం మీద ఒక కథనం వచ్చింది. డాక్టరుగారు మాట్లాడుతున్నంతసేపూ తెర మీద బీసెంట్ రోడ్డులో నడుస్తున్న మనుషుల నడుములు, పొట్టలు ఒకదాని వెనక ఒకటి కదిలాయి తప్ప ఒక్కరి ముఖమూ కనిపించలేదు. వాటి మధ్య ఎర్ర అంచున్న ఆకుపచ్చ మంగళగిరి చీర, భుజానికి గుడ్డసంచి, అందులోంచి బయటికి వచ్చిన గొడుగు పిడి కనిపించేసరికి అన్నం కలుపుతున్న అక్క చెయ్యి ఆగిపోయింది. ఆ చీర తనదే, ఆ సంచి తాను స్వయంగా కుట్టుకున్నదే. కింద ఎర్రటి అక్షరాలతో 'బద్ధకమే శాపం' అని పడింది. తెల్లవారేసరికి పాలబ్బాయి దగ్గరి నుంచి ఎదురింటి పిన్నిగారి దాకా అందరూ ఆ చీరను గుర్తుపట్టారు. ముఖం తీసేశాం కనుక మర్యాద పాటించామని ఆ ఛానల్ వాళ్ళు అనుకుని ఉండవచ్చు, కాని మనల్ని ఎరిగినవాళ్ళకు మన నడక చాలు.

అక్కకు ఉబ్బసం ఉన్న సంగతి నీకు తెలియనిది కాదు. ఏళ్ళ తరబడి వాడిన స్టెరాయిడ్ మాత్రలు ఆకలిని పెంచుతాయి, ఒంట్లో కొవ్వు చేరేలా చేస్తాయి. దానికి తోడు అమ్మదీ అమ్మమ్మదీ అదే ఒళ్ళు. బరువు విషయంలో వంశపారంపర్యం పాత్ర చాలా ఎక్కువని కవలల మీద జరిగిన పరిశోధనలు చెబుతున్నాయి. ఒంట్లో కొవ్వు చాలినంత ఉందని కొవ్వు కణాల నుంచి మెదడుకు కబురు మోసే లెప్టిన్ హార్మోనును 1994లోనే కనిపెట్టారు. ఇంత తెలిసిన తరువాత కూడా లావుకు కారణం తిండియావ, సోమరితనమేనని వార్తలు చెబుతూ ఉంటే నాకు చాలా బాధగా ఉంటుంది. టీవీ వాళ్ళు ఆ దృశ్యం తీసిన సాయంత్రం అక్క రాఘవయ్య పార్కులో నాలుగు చుట్లు నడిచి, మా అమ్మాయికి లంగా గుడ్డ కొనడానికి బీసెంట్ రోడ్డుకు వెళ్ళింది. అది టీవీలో వచ్చిన మర్నాటి నుంచి పార్కుకు వెళ్ళడమే మానేసింది.

మన భాషలో పొగరుబోతును తిట్టాలంటే 'ఒళ్ళు బలిసిందా', 'కొవ్వెక్కిందా' అంటాం. అదే నోటితో పుట్టింటికి వచ్చిన ఆడపిల్లను చూసి 'చిక్కిపోయావేమిటే తల్లీ' అని దిగులుపడతాం, 'కాస్త ఒళ్ళు చేసి నిండుగా ఉన్నావు' అని మురిసిపోతాం. వార్తలూ సినిమాలూ ఈ రెండో మాటను ఎందుకు మరిచిపోయాయో నాకు అర్థం కాదు. లావుపాటి మనిషి తెర మీదికి రాగానే ఒక వింత బూర మోగుతుంది, కుర్చీ విరుగుతుంది, జనం నవ్వుతారు. మన నూజివీడులో పుట్టిన ఎస్.వి. రంగారావు 1957లో 'మాయాబజార్'లో ఘటోత్కచుడై పెళ్ళి వంటకాల ముందు కూర్చున్నప్పుడు కూడా అందరూ నవ్వారు, కాని ఆ నవ్వు వల్ల ఆయన గొంతులోని గాంభీర్యం గాని, నిలబడే ఠీవి గాని పిసరంతైనా తగ్గలేదు.

తల కత్తిరించిన ఇలాంటి ఫోటోల మీద బ్రిటన్‌లో లావుపాటివారి పట్ల వివక్ష మీద పోరాడే షార్లెట్ కూపర్ 2007లోనే నిరసన తెలుపుతూ రాసింది. అమెరికాలో ఆన్‌లైన్ వార్తల చిత్రాలను పరిశీలించి 2011లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, అధిక బరువున్నవారిని చూపిన బొమ్మల్లో 72 శాతం వారిని కించపరిచేవిగానే తేలాయి. మన రాష్ట్రం మాటకొస్తే, 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో మూడో వంతుకు పైగా అధిక బరువో ఊబకాయమో ఉన్నవారే. అంటే ఆ బొమ్మలు మన ఇళ్ళలోని వాళ్ళవే. వెక్కిరింపుకు వెరచిన మనిషి డాక్టరు దగ్గరికి కూడా వెళ్ళడు. అక్క కూడా ఊపిరితిత్తుల డాక్టరు దగ్గరికి వెళ్ళవలసిన రోజును రెండుసార్లు వాయిదా వేసింది, అక్కడ ముందుగా బరువు తూచే యంత్రం ఎక్కమంటారని.

అందుకే నిన్ను ఒకటి అడుగుతున్నాను. మీ డెస్కుకు ఇలాంటి కథనం వచ్చినప్పుడు 'ఊబకాయులు' అన్న మాట తీసి 'ఊబకాయం ఉన్నవారు' అని రాయించు. మధుమేహం ఉన్నవారు అని రాస్తున్నాం కదా. ఫోటోల కోసం దారిన పోయేవాళ్ళ మీదికి కెమెరా తిప్పవలసిన పని లేదు. ఊబకాయం ఉన్నవారు మామూలుగా పనిచేసుకుంటున్న, నడుస్తున్న, నవ్వుతున్న ఫోటోలను పత్రికలు వాడుకోవడానికే వరల్డ్ ఒబేసిటీ ఫెడరేషన్ అనే అంతర్జాతీయ సంస్థ ఉచితంగా ఇస్తోంది.

ఈ ఉత్తరంతో పాటు ఒక ఫోటో పంపుతున్నాను. మొన్న సోమవారం అక్క పాఠం చెబుతుండగా తోటి పంతులమ్మ తీసింది. దారం ఒక కొసను ఎడమ బొటనవేలితో నల్లబల్లకు అదిమిపట్టి, రెండో కొసకు కట్టిన సుద్దముక్కతో పెద్ద వృత్తం గీస్తూ, పిల్లల వైపు తిరిగి ఏదో చెబుతోంది. అదే ఆకుపచ్చ చీర. ఎప్పుడైనా వేయవలసి వస్తే ఇది వేయమని, ముఖం మాత్రం కత్తిరించవద్దని రాంబాబుకు చెప్పమంది.

నీ
శ్రీనివాస్