నొప్పి పోతే రాయి పోయినట్టు కాదు చిన్నాయనా

మ్యూనిక్

చిన్నాయనకు నమస్కారాలు.

నువ్వు పంపిన స్కానింగ్ రిపోర్టు చూసినాను. "రెండ్రోజులుగా నొప్పి లేదు, ఇంగ ఆ రాయి ఎప్పుడో పడిపోయింటుంది, మళ్లీ స్కాన్ ఎందుకు" అన్నావని చిన్నమ్మ చెప్పింది. ఆ మాటకే ఈ ఉత్తరం. ఫోన్లో చెబితే సగం వినవు.

కుడి మూత్రనాళం చివర, మూత్రాశయంలోకి దిగేచోట 7 మిల్లీమీటర్ల రాయి ఉంది, పైన కిడ్నీ కొంచెం ఉబ్బింది అని రిపోర్టు. ఆ నాళం లోపలి వెడల్పు 3, 4 మిల్లీమీటర్లే. జొన్నగింజ పట్టే దారిలో శనగగింజ ఇరుక్కుంది. నడుము పక్కన మొదలైన నొప్పి గజ్జల్లోకి దిగిందీ, మాటిమాటికీ మూత్రం వచ్చినట్టు అనిపించిందీ రాయి అంత కిందికి వచ్చినందుకే.

ఆ నొప్పి రాయి గుచ్చుకుని వచ్చేది కాదు. మూత్రం ఆగి, కిడ్నీలో ఒత్తిడి పెరిగి వచ్చేది. కొన్నాళ్లు అట్లే అడ్డుపడితే ఆ కిడ్నీ మూత్రం చేయడమే తగ్గిస్తుంది. ఒత్తిడి దిగుతుంది, నొప్పీ పోతుంది. రాయి మాత్రం యాడున్నది ఆడనే ఉంటుంది. ఆ తర్వాత కిడ్నీ చడీచప్పుడు లేకుండా పాడవుతుంది. రెండో కిడ్నీ పనంతా లాగేస్తుంది కాబట్టి కిడ్నీ పని చూపే రక్తపరీక్ష, క్రియాటినిన్ కూడా మామూలుగానే కనిపించొచ్చు. దాన్ని చూసి ధైర్యపడొద్దు.

కాబట్టి రాయి నీ కంటికన్నా కనబడాల, స్కాన్‌లో లేదనన్నా తేలాల. అల్ట్రాసౌండ్ చిన్న రాళ్లను ఉన్నదానికన్నా పెద్దగా చూపిస్తుంది, పేగుల్లో గాలి అడ్డమొస్తే నాళంలోని రాయిని చూపనే చూపదు. ఎక్స్‌రేలో యూరిక్ యాసిడ్ రాళ్లు కనపడవు. అందుకని 'ప్లెయిన్ సీటీ కేయూబీ', అంటే కిడ్నీలు, నాళాలు, మూత్రాశయం చూపే సీటీ స్కాన్ రాయించుకో. రంగు ఇంజెక్షన్ అక్కర్లేదు, కొన్ని నిమిషాల పని. సైజు, చోటు, గట్టిదనం మూడూ తేలుతాయి.

5 మిల్లీమీటర్ల లోపువి చాలావరకు వాటంతటవే పడతాయి. నీది కిందికి వచ్చింది కాబట్టి పడే అవకాశం ఉంది. రాత్రిపూట వేసుకోమన్న టామ్సులోసిన్ 0.4 మిల్లీగ్రాములు రాయిని కరిగించేది కాదు, నాళం కండరాన్ని వదులు చేసేది. మంచం మీంచి గబుక్కున లేస్తే తల తిరుగుతుంది, నీకు బీపీ మాత్ర కూడా ఉంది కదా. రాయి పడేదానికి గడువు 4 నుంచి 6 వారాలు, అంతే. నొప్పి మాత్ర డైక్లోఫినాక్ మెడికల్ షాపులో నువ్వే కొనుక్కుని మింగొద్దు. కిడ్నీ దెబ్బతిని ఉంటే అది ఇంకా దెబ్బ తీస్తుంది. నొప్పి వచ్చినప్పుడు బిందెలకొద్దీ నీళ్లు తాగితే రాయి కొట్టుకుపోదు, వాంతులు ఎక్కువవుతాయి.

కొండపిండాకు పప్పు, ఉలవకట్టు, అరటిదూట కూర బాగా తిను, రుచికి. పేరు కొండపిండి అయినంత మాత్రాన రాయి పిండి కాదు. మనోళ్లకు ఎక్కువగా వచ్చే కాల్షియం ఆక్సలేట్ రాయిని కరిగించే మందు ఇంతవరకు లేదు.

చలితో జ్వరం వచ్చినా, మూత్రం ఆగినా, వాంతులతో నీళ్లు కూడా నిలవకపోయినా తెల్లారేదాకా చూడొద్దు. అడ్డుపడిన కిడ్నీలో చీము చేరితే గంటల్లో ప్రాణం మీదికొస్తుంది. తాడిపత్రి నుంచి ఆ రాత్రే అనంతపురం బయల్దేరండి.

గడువులో పడకపోతే యూఆర్ఎస్ చేస్తారు. మూత్రం దారినే సన్నటి దుర్బీను పంపి లేజర్‌తో రాయిని పొడి చేస్తారు, కోత ఉండదు. బయటినుంచి తరంగాలతో పగలగొట్టేది ఇంకొకటి. దాన్ని మనిషి మీద మొదట చేసింది 1980లో, ఈ మ్యూనిక్‌లోనే, రోగిని నీళ్లతొట్టిలో పడుకోబెట్టి. విమానాలు చేసే డోర్నియర్ కంపెనీ యంత్రం అది. నీ రాయి ఉన్నచోటికి మాత్రం యూఆర్ఎస్ మేలు. 2 సెంటీమీటర్లు దాటిన కిడ్నీ రాళ్లకైతే వీపులో చిన్న రంధ్రం పెడతారు, అది నీకొద్దు. సర్కారు వైద్యం కార్డు తీసుకుపోయి, ఆసుపత్రిలో ఆ పథకం పని చూసే ఆరోగ్యమిత్రను ముందే అడుగు, నీ ఆపరేషన్‌కు వర్తిస్తుందో లేదో.

లోపల డీజే స్టెంట్, అంటే మూత్రం ఆగకుండా నాళంలో ఉంచే సన్నటి గొట్టం పెడితే మూత్రంలో కొంచెం ఎరుపు, పోసేటప్పుడు నడుంలో లాగడం ఉంటాయి, భయపడొద్దు. మర్చిపోవడమే ప్రమాదం. నెలలు గడిస్తే స్టెంట్‌కే రాళ్లు పేరుకుంటాయి. తీసే తేదీ క్యాలెండర్లో రాసిపెట్టు.

ఇంగ తిండి. పాలు, పెరుగు మానేశావంట, మళ్లీ మొదలుపెట్టు. తిండిలోని కాల్షియమే, రాయి కట్టే ఆక్సలేట్‌ను పేగులోనే పట్టేసి కిడ్నీదాకా రానీయదు. తగ్గించాల్సింది ఉప్పు. రోజు మొత్తానికి ఒక టీస్పూను, ఊరగాయ, అప్పడాలు కలుపుకొని. ఆ ఆక్సలేట్ ఎక్కువుండే పాలకూర, చుక్కకూర, శెనక్కాయలు అప్పుడప్పుడు చాలు. బోరునీళ్ల సున్నాన్ని తిట్టుకోవద్దు, తక్కువ తాగడమే తప్పు. రోజుకు రెండున్నర లీటర్ల మూత్రం రావాల. బండల పాలిష్ దగ్గర చెమట పోసే నీకు 3 లీటర్లు తాగితే ఆ లెక్క రాదు. మూత్రం లేత ఎండుగడ్డి రంగులో తేటగా ఉండేదాకా తాగు.

పాత టీ జల్లెడ ఒకటి బాత్రూంలో పెట్టుకుని మూత్రం దాంట్లో వడగట్టు. రాయి పడితే కడిగి, ఆరబెట్టి, మాత్రల డబ్బాలో వేసి ల్యాబుకియ్యి. యూరిక్ యాసిడ్ రాయని తేలితే, మళ్లీ వచ్చినా మందుతోనే కరిగే అవకాశం ఉంది. ఆ జల్లెడ వంటింట్లోకి పోకుండా చిన్నమ్మకు చెప్పు.

సీటీ రిపోర్టు వస్తూనే ఫొటో పంపు.

నీ కొడుకులాంటివాడు