పేరు అడగడం మర్చిపోయిన ఆ అంకుల్‌కి

డాలస్‌లో పాములు, బల్లుల ప్రదర్శన, అదే రెప్టైల్ షోలో, నేను పాము గుడ్ల కింద పరిచే వెర్మిక్యులైట్ అనే ఖనిజపు పొడి కొంటుంటే మొహం చూసి "ఏమైంది బాబూ" అని తెలుగులో పలకరించిన అంకుల్, మీకోసమే ఇది. మా పెంపుడు కొండచిలువ (బాల్ పైథాన్) పెట్టిన గుడ్లు వరసగా రెండోసారి పోయాయి. ఆరింట్లో రెండు మొదట్నుంచీ పిల్ల లేని పసుపుపచ్చటి గట్టి ముద్దలే, మిగతా నాలుగు నెల తిరక్కుండానే కుంగిపోయి బూజు పట్టాయి. తప్పంతా నాదేనని నిద్ర పట్టేది కాదు. గుడ్ల పక్కనే విడిగా థర్మామీటర్ పెట్టావా అన్నారు మీరు. పెట్టలేదు. ఇంటికెళ్లి పెట్టి చూస్తే గుడ్లు పొదిగించే పెట్టె (ఇంక్యుబేటర్) మీద 89 ఫారన్‌హీట్, గుడ్ల దగ్గర 95! ఆ వేడికి పిల్లలెలా బతుకుతాయి?

"ముందు తల్లిని చూసుకో, చిక్కిపోయి ఉంటుంది, ఈ ఏడాది జత కట్టించకు" అన్నారు చూడండి, గుడ్ల బాధలో దాన్నే మర్చిపోయాను. ఏడాది ఆగాను. ఈసారి ఐదు గుడ్లు. మీరు చెప్పినట్టే పైవైపు పెన్సిల్‌తో గుర్తు పెట్టి, కదల్చకుండా, చీకట్లో టార్చి పెడితే లోపల పిల్ల బతికుందని చెప్పే ఎర్రటి సన్నని నరాలు కనిపించాయి. ఒకటి మధ్యలో పోయింది, అయినా తట్టుకున్నాను. 57వ రోజు పొద్దున ఒక గుడ్డు చీలికలోంచి చిన్న ముక్కు, చుట్టూ జిగట బుడగలు. నాలుగూ క్షేమం. చాలా థాంక్స్ అంకుల్.